మీ మెయిల్ తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

అనంతపురంలో మా నెట్ సెంటర్ మెట్లెక్కేవాళ్లలో చాలామంది ఒకే మాటతో లోపలికి వస్తారు. "అన్నా, మెయిల్ ఓపెన్ కాలేదు, రవ్వంత చూడన్నా." ఎవరు చేసిచ్చారని అడిగితే "ఇంటర్‌లో ఎవురో చేసిచ్చినారన్నా" అంటారు. దానికి ఏ ఫోన్ నంబర్ పెట్టారో తెలియదు. పాస్‌వర్డ్ మాత్రం అడక్కుండానే నేను చెప్పేయగలను: పేరు, దాని పక్కన ఎట్ గుర్తు, ఆ పక్కన 123.

పోయిన ఏడాది ఎండాకాలంలో ఉరవకొండ వైపు నుంచి ఒక పాప వచ్చింది. డిగ్రీ అయిపోయింది. బెంగళూరులో ఒక కంపెనీ ఇంటర్వ్యూకి పిలిచింది, ఆ లెటర్ మెయిల్‌లో ఉంది. పాత ఫోన్ చెడిపోతే కొత్తది కొన్నారు. అందులో మెయిల్ తెరవబోతే, చివర 47 ఉన్న నంబర్‌కి కోడ్ పంపామని వచ్చింది. ఆ నంబర్ వాళ్లింట్లో ఎవరిదీ కాదు. నాలుగేళ్ల కింద కాలేజీ అప్లికేషన్ నింపిన నెట్ సెంటర్‌ది. ఆ సెంటర్ ఎత్తేశారు, ఇప్పుడు అక్కడ చెప్పుల అంగడి ఉంది. రెండు గంటలు కూర్చున్నాం, ఆ మెయిల్ తెరుచుకోలేదు. చివరికి కంపెనీకి ఫోన్ చేసి, బతిమాలి, కొత్త మెయిల్‌కి లెటర్ తెప్పించుకున్నాం. ఆ రెండు గంటలూ ఆ పాప ముఖం చూసినవాణ్ణి కాబట్టి ఈ పనంతా వరసగా రాస్తున్నాను.

స్పామ్, అంటే అడక్కుండా వచ్చిపడే చెత్త మెయిళ్ల గురించి అడిగేవాళ్లే ఎక్కువ. కానీ స్పామ్ చికాకు మాత్రమే. మెయిల్ చేజారితే నష్టం ఇంకో రకం. బ్యాంకు స్టేట్‌మెంట్లు, పీఎఫ్ కాగితాలు, కాలేజీ సర్టిఫికెట్లు అందులోనే ఉంటాయి. అంతకన్నా పెద్ద సంగతి, ఏ సైట్‌లో పాస్‌వర్డ్ మర్చిపోయినా కొత్తది పెట్టుకునే లింకు మెయిల్‌కే వస్తుంది. ఇంటి తాళాలన్నీ వేలాడదీసిన మేకు లాంటిది మెయిల్. అందుకే ముందు తాళం సంగతి, ఆ తర్వాతే స్పామ్. మనలో ఎక్కువమందికి ఉన్నది జీమెయిల్ కాబట్టి దాన్నే పట్టుకుని చెబుతాను. వేరే మెయిల్ అయినా ఇవే పనులు, పేర్లు కాస్త మారతాయి.

మొదటి పని: తాళం మీ చేతికి తెచ్చుకోండి

ఇంట్లో, మీ సొంత ఫోన్‌లో చేయండి. మీరు రోజూ వాడే ఫోన్‌ని గూగుల్ గుర్తుపడుతుంది, అందుకని పని సులువవుతుంది. జీమెయిల్ తెరిచి, పైన కుడివైపు మూలన గుండ్రంగా ఉన్న మీ ఫోటోనో, పేరులోని మొదటి అక్షరాన్నో నొక్కండి. 'మేనేజ్ యువర్ గూగుల్ అకౌంట్' వస్తుంది. అందులో 'సెక్యూరిటీ' అనే భాగంలోకి వెళ్లండి. కిందికి జరిపితే 'రికవరీ ఫోన్', 'రికవరీ ఈమెయిల్' అని రెండు వరసలు కనపడతాయి.

అక్కడున్న నంబర్ ఇప్పుడు మీ జేబులో ఉన్న సిమ్‌దేనా? కాకపోతే ఈ క్షణమే మార్చండి. రీఛార్జి చేయక ఆగిపోయిన సిమ్‌దైతే ఇంకా తొందరపడాలి. మన దేశంలో ఆపేసిన నంబర్‌ని 90 రోజులు పక్కన పెట్టి, ఆ తర్వాత కంపెనీలు వేరేవాళ్లకి ఇచ్చేయొచ్చు. అంటే మీ మెయిల్ కోడ్ ముక్కూముఖం తెలియని మనిషికి పోతుంది. రికవరీ ఈమెయిల్ దగ్గర మీ నమ్మకస్తులది, అంటే భార్యదో, భర్తదో, అన్నదో, కూతురిదో పెట్టండి. అప్లికేషన్ నింపినవాళ్లది, ఫోన్ అమ్మినవాళ్లది మాత్రం వద్దు. మాలాంటి నెట్ సెంటర్ వాళ్లు చెడ్డవాళ్లని కాదు. రోజుకు నలభై అప్లికేషన్లు నింపే చోట పని తొందరగా తెమలాలని మా నంబరే కొట్టేసే అలవాటు ఉంటుంది. రేపు మా షాపు ఉంటుందో లేదో మాకే తెలియదు.

తర్వాత పాస్‌వర్డ్. పొడుగ్గా ఉండాలి, ఇంకెక్కడా వాడనిదై ఉండాలి. ఈ రెండూ ఉంటే చాలావరకు సరిపోతుంది. ఒకదానికొకటి పొంతన లేని నాలుగు తెలుగు మాటలు తీసుకుని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. బత్తాయి, గడియారం, నిచ్చెన, తుమ్మెద అనుకోండి. మీకు బొమ్మలా గుర్తుంటాయి, ఊహించేవాడికి అందవు. (ఈ నాలుగే పెట్టుకోకండి, ఇప్పుడు ఇవి అందరికీ తెలిసిపోయాయి.) మూడు నెలలకోసారి మార్చాలని పాతకాలంలో చెప్పేవాళ్లు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే ఆ సలహాను వెనక్కి తీసుకుంది. ఊరికే మార్చమంటే జనం చివర ఒక అంకె పెంచి సరిపెట్టుకుంటారు, దానివల్ల ఒరిగేదేమీ లేదు. బయటికి పొక్కిందని అనుమానం వచ్చినప్పుడు మార్చండి, చాలు. గుర్తుండదంటే నోటుబుక్కులో రాసి బీరువాలో పెట్టండి. మీ బీరువా దాకా వచ్చే దొంగ వేరు, మెయిల్ దొంగ వేరు. అన్ని చోట్లా ఒకే పాస్‌వర్డ్ వాడటం కంటే ఇది వెయ్యి రెట్లు నయం.

మూడోది రెండంచెల తాళం. అదే సెక్యూరిటీ భాగంలో '2-స్టెప్ వెరిఫికేషన్' ఉంటుంది. అది ఆన్ చేస్తే, పాస్‌వర్డ్ తెలిసినవాడు కూడా మీ ఫోన్ లేకుండా లోపలికి రాలేడు. కొత్త చోట ఎవరైనా తెరవబోతే "ఇది మీరేనా?" అని మీ ఫోన్ అడుగుతుంది. మీరు ఏమీ తెరవకుండా ఆ ప్రశ్న వచ్చిందంటే 'నో' నొక్కి, వెంటనే పాస్‌వర్డ్ మార్చండి. చాలామంది పక్కకి తోసేద్దామని చూడకుండా 'యెస్' నొక్కేస్తారు. దొంగ ఎదురుచూసేది ఆ ఒక్క నొక్కు కోసమే.

ఇక్కడే 'బ్యాకప్ కోడ్స్' అని ఉంటాయి. పది కోడ్లు, ఒక్కొక్కటి ఎనిమిది అంకెలు. ఫోన్ పోయినా, నీళ్లలో పడినా వీటితో తెరుచుకోవచ్చు. ఒక కోడ్ ఒకసారే పనిచేస్తుంది. వీటిని ప్రింటు తీసి టెన్త్ మార్కుల లిస్టు పెట్టుకునే ఫైల్లోనే పెట్టండి. ఫోన్‌లో ఫోటో తీసి దాచుకుంటే ఫోన్‌తో పాటే అవీ పోతాయి. ఉరవకొండ పాప దగ్గర ఆ కాగితం ఉండి ఉంటే మా పని రెండు నిమిషాల్లో అయిపోయేది.

ఇంట్లో పెద్దవాళ్ల పేరున ఎప్పుడో చేసిన మెయిల్ ఉంటే అప్పుడప్పుడు తెరుస్తూ ఉండండి. రెండేళ్లు అసలు వాడని అకౌంట్లను తీసేసే నియమాన్ని గూగుల్ 2023 డిసెంబర్ నుంచి అమల్లో పెట్టింది. పింఛను కాగితాలు ఆ మెయిల్‌లోనే ఉన్నవాళ్లు ఈ మాట గట్టిగా గుర్తుంచుకోవాలి.

నెట్ సెంటర్‌కి వచ్చినప్పుడు ఒక్క జాగ్రత్త. ప్రింటు కోసం మీ పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకండి, నాకు కూడా. మీ ఫోన్‌లోనే మెయిల్ తెరిచి, కావలసిన ఒక్క ఫైలును సెంటర్ మెయిల్‌కి ఫార్వర్డ్ చేయండి. తప్పనిసరిగా అక్కడి కంప్యూటర్‌లోనే తెరవాలంటే, మూసేశాక చూసినవేవీ గుర్తుపెట్టుకోని ఇన్‌కాగ్నిటో కిటికీలో తెరవండి, పాస్‌వర్డ్ దాచుకోమంటావా అని బ్రౌజర్ అడిగితే వద్దనండి, అయిపోగానే సైన్ అవుట్ చేయండి. చేశామో లేదో గుర్తులేక టెన్షన్ పడుతూ తిరిగి పరుగెత్తక్కర్లేదు. సెక్యూరిటీ భాగంలోనే 'యువర్ డివైసెస్' అని ఉంటుంది. మీ మెయిల్ ఎక్కడెక్కడ తెరిచి ఉందో అక్కడ కనపడుతుంది. మీది కానిదాన్ని నొక్కి అక్కణ్ణుంచే సైన్ అవుట్ చేసేయొచ్చు.

రెండో పని: పెరటి తలుపులు చూడండి

దీని గురించి ఎవరూ చెప్పరు, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ధర్మవరం పట్టుచీరల వ్యాపారి ఒకాయన నాకు బాగా తెలుసు. చెన్నై, బెంగళూరు షాపుల నుంచి ఆర్డర్లు మెయిల్‌లో వస్తాయి, బిల్లులు మెయిల్‌లో పోతాయి. ఒక నెల పాత కొనుగోలుదారు దగ్గర్నుంచి డబ్బు రాలేదు. ఫోన్ చేస్తే అవతలాయన ఆశ్చర్యపోయాడు. "మీరే కదా సామీ, బ్యాంకు అకౌంట్ మారిందని మెయిల్ పెట్టినారు? పది రోజులాయె డబ్బు వేసి." ఈయన అలాంటి మెయిల్ పెట్టలేదు. పంపిన మెయిళ్లలో చూస్తే అదీ లేదు. అప్పుడు నా దగ్గరికొచ్చారు.

జీమెయిల్‌ని కంప్యూటర్‌లో తెరిచి సెట్టింగ్స్‌లోకి పోయాం. 'ఫిల్టర్స్ అండ్ బ్లాక్డ్ అడ్రసెస్' అనే ట్యాబ్‌లో ఒక ఫిల్టర్ ఉంది. ఆ కొనుగోలుదారు నుంచి వచ్చే ప్రతి మెయిల్‌నీ చదివినట్టు గుర్తుపెట్టి నేరుగా చెత్తబుట్టలో వేయమని, ఒక నకలు ఇంకో అడ్రసుకు పంపమని అందులో రాసి ఉంది. అంటే ఎవడో ఎప్పుడో పాస్‌వర్డ్ పట్టుకుని లోపలికొచ్చాడు. వచ్చినవాడు దేన్నీ చెడగొట్టలేదు. వారాల తరబడి కూర్చుని చదివాడు, బిల్లు పోయే సమయం చూసుకుని, ఈయన రాసినట్టే రాసి, అకౌంట్ నంబర్ మార్చి పంపాడు, పంపినదాన్ని తుడిచేశాడు. జవాబులు ఈయన కంటపడకుండా ఫిల్టర్ పెట్టాడు. పాస్‌వర్డ్ మార్చినా ఆ ఫిల్టర్ అలాగే ఉండిపోయేది. ముందు తలుపుకి కొత్త తాళం వేసి పెరటి తలుపు తెరిచి పెట్టినట్టే.

అందుకే మీరు కూడా ఒకసారి కంప్యూటర్ ముందు కూర్చుని, పైన చక్రం గుర్తు నొక్కి, 'సీ ఆల్ సెట్టింగ్స్'లోకి వెళ్లండి. మూడు ట్యాబులు చూడండి. ఫిల్టర్ల ట్యాబ్‌లో మీరు పెట్టని ఫిల్టర్ ఏదున్నా తీసేయండి. 'ఫార్వర్డింగ్' ట్యాబ్‌లో తెలియని అడ్రసు ఉంటే తీసేయండి. 'అకౌంట్స్ అండ్ ఇంపోర్ట్' ట్యాబ్‌లో, మీ పేరుతో మెయిల్ పంపడానికి గానీ మీ మెయిల్ చదవడానికి గానీ ఇంకెవరికైనా అనుమతి ఉందేమో చూడండి. ఆ తర్వాత ఇన్‌బాక్స్ అట్టడుగున కుడివైపు చిన్న అక్షరాల్లో 'డీటెయిల్స్' అని ఉంటుంది. నొక్కితే ఈమధ్య మీ మెయిల్ ఏ రోజు, ఏ దేశం నుంచి తెరిచారో పట్టిక వస్తుంది. మీరు అనంతపురం దాటకుండానే వేరే దేశం పేరు కనపడితే ఇక అనుమానం అక్కర్లేదు. తెరిచినవాడు మీరు కాదు.

ఆ పక్కనే ఇంకో పని. సెక్యూరిటీ భాగంలో, మీ గూగుల్ అకౌంట్‌తో జతపడిన బయటి యాప్‌ల జాబితా ఉంటుంది. ఎప్పుడో ఆటకోసం, ఫోటో మార్చడంకోసం 'గూగుల్‌తో లాగిన్' నొక్కినవన్నీ అక్కడ పేరుకుపోతాయి. వాడనివన్నీ తీసేయండి. అప్పులిచ్చే యాప్ ఏదైనా అందులో కనపడితే క్షణం ఆలోచించొద్దు.

వ్యాపారం చేసే ప్రతి ఒక్కరికీ ఒక మాట, ప్రొద్దుటూరు బంగారం అంగడైనా, ఆదోని పత్తి వ్యాపారమైనా, మా ఊరి బత్తాయి మండీ అయినా. బ్యాంకు అకౌంట్ మారిందని మెయిల్ వస్తే, ఆ మెయిల్‌లో ఉన్న నంబర్‌కి కాకుండా, మీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబర్‌కి ఫోన్ చేసి మనిషితో మాట్లాడాకే డబ్బు వేయండి. మీ కొనుగోలుదారులకు కూడా ఈ మాట ముందే చెప్పి పెట్టుకోండి.

మూడో పని: స్పామ్ తగ్గించడం

ఈ బెడద కొత్తదేం కాదు. 1978 మే నెలలో, ఇంటర్నెట్‌కి ముందు రూపమైన ఆర్పానెట్‌లో, డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అనే అమెరికా కంప్యూటర్ కంపెనీలో మార్కెటింగ్ చూసే గ్యారీ థర్క్ దాదాపు 400 మందికి ఒకే ప్రకటన పంపాడు. అడక్కుండా వచ్చిన మొదటి టోకు మెయిల్ అదేనంటారు. అప్పుడు కూడా అందుకున్నవాళ్లు తిట్టుకున్నారు.

మీ అడ్రసు వాళ్లకి ఎలా దొరికింది? చాలాసార్లు మనమే ఇచ్చి ఉంటాం. ఎగ్జిబిషన్‌లో లక్కీ డ్రా చీటీ మీద రాస్తాం, కొత్త బట్టల షాపు ప్రారంభంలో కూపన్ కోసం రాస్తాం, పాత ప్రశ్నపత్రాల పీడీఎఫ్ దించుకోవడానికి ఎక్కడపడితే అక్కడ కొడతాం. లేదా మనం నమ్మి ఇచ్చిన సైట్ నుంచే జాబితా బయటికి పొక్కుతుంది.

కాబట్టి రెండు మెయిళ్లు పెట్టుకోండి. ఒకటి ఇంటి మెయిల్: బ్యాంకు, పాన్, పీఎఫ్, కాలేజీ, ఉద్యోగం, అంతే. రెండోది అంగడి మెయిల్: షాపింగ్, కూపన్లు, ఆటలు, ఎవరికి పడితే వారికి ఇచ్చేది. అంగడి మెయిల్ చెత్తతో నిండిపోయినా బాధ లేదు. ఇంటి మెయిల్ లక్కీ డ్రా చీటీ మీద ఎక్కకూడదు.

రెండోది చేసుకునే ఓపిక లేకపోతే జీమెయిల్‌లో ఒక తేలిక మార్గం ఉంది. మీ పేరు తర్వాత, ఎట్ గుర్తుకి ముందు, ప్లస్ గుర్తు పెట్టి ఏదైనా మాట చేర్చండి. సినిమా టికెట్ల సైట్‌కి ఇచ్చేటప్పుడు ప్లస్ సినిమా, కోచింగ్ సెంటర్‌కి ఇచ్చేటప్పుడు ప్లస్ కోచింగ్. మెయిల్ మీకే వస్తుంది. రేపు ప్లస్ కోచింగ్ అడ్రసుకు అప్పుల ప్రకటన వచ్చిందంటే, మీ అడ్రసు ఎవరి దగ్గర్నుంచి పోయిందో తెలిసిపోతుంది. కొన్ని సైట్లు ప్లస్ గుర్తును ఒప్పుకోవు, అప్పుడు వదిలేయండి.

వచ్చిన చెత్తను ఏం చేయాలి? ఉత్తినే డిలీట్ చేస్తే జీమెయిల్‌కి ఏమీ అర్థం కాదు. మీరు చేరిన షాపో, సైటో పంపే ప్రకటనైతే, పంపినవాళ్ల పేరు దగ్గర జీమెయిల్ చూపించే 'అన్‌సబ్‌స్క్రైబ్' నొక్కండి. రోజుకు 5000 కంటే ఎక్కువ మెయిళ్లు పంపే వ్యాపారాలు ఒక్క నొక్కుతో మానుకునే వీలు ఇవ్వాలని, రెండు రోజుల్లో పంపడం ఆపాలని గూగుల్, యాహూ కలిసి 2024లో నియమం పెట్టాయి. కాబట్టి పేరున్న కంపెనీల విషయంలో ఇది నిజంగానే పనిచేస్తుంది. అసలు ఎవరో తెలియనివాడు పంపితే మాత్రం అడుగున ఉన్న అన్‌సబ్‌స్క్రైబ్ లింకు ముట్టుకోవద్దు. ముట్టుకుంటే ఈ అడ్రసు వెనక మనిషి ఉన్నాడని వాడికి రూఢి అవుతుంది, రేపటి నుంచి ఒకటికి పది వస్తాయి. అలాంటిదానికి 'రిపోర్ట్ స్పామ్' నొక్కండి. పాస్‌వర్డ్, కార్డు వివరాలు అడిగేదైతే కంప్యూటర్‌లో మూడు చుక్కల కింద 'రిపోర్ట్ ఫిషింగ్' ఉంటుంది.

బొమ్మల సంగతి కూడా చూసుకోండి. కొందరు మెయిల్‌లో కంటికి కనపడనంత చిన్న బొమ్మ పెడతారు. మీరు తెరవగానే ఆ బొమ్మ వాళ్ల కంప్యూటర్ నుంచి వస్తుంది, తెరిచారని వాళ్లకి తెలుస్తుంది. సెట్టింగ్స్‌లో 'ఇమేజెస్' దగ్గర, బయటి బొమ్మలు చూపే ముందు అడగమనే ఎంపిక పెట్టుకుంటే సరి.

ఒకటి మాత్రం మరవొద్దు: వారానికోసారి స్పామ్ ఫోల్డర్ తెరవండి. అందులో పడినవి 30 రోజులకు వాటంతట అవే పోతాయి. అవసరమైన మెయిల్ కూడా పొరపాటున అందులో పడుతుంటుంది. కాల్ లెటర్ కోసం నెలంతా ఎదురుచూసి, చివరికి అది స్పామ్‌లో పడి ఉందని తెలిసిన కుర్రాళ్లను చూశాను. కనపడితే 'నాట్ స్పామ్' నొక్కండి. ఇంకెప్పుడూ అలా జరగకూడదనుకుంటే, కంప్యూటర్‌లో ఆ అడ్రసుకు ఫిల్టర్ పెట్టి 'నెవర్ సెండ్ ఇట్ టు స్పామ్' ఎంచుకోండి. దొంగ వాడిన అదే ఫిల్టర్ ఇక్కడ మనకు పనికొస్తుంది.

నాలుగో పని: అడ్రసును చివర్నుంచి చదవడం

"లింకు నొక్కకండి" అని అందరూ చెబుతారు. నొక్కకుండా పని జరగదు కదా. కౌన్సెలింగ్‌కి నొక్కాలి, ఫీజుకి నొక్కాలి. కాబట్టి చదవడం నేర్చుకోవాలి.

మన ఇంటి అడ్రసు ఎలా రాస్తాం? ముందు డోర్ నంబర్, తర్వాత వీధి, చివర ఊరు, జిల్లా. పెద్దది చివర ఉంటుంది. వెబ్‌సైట్ పేరు కూడా అంతే. అనంతపురంలో కళ్యాణదుర్గం రోడ్డు ఉంది. ఆ రోడ్డులో ఇల్లున్నవాళ్లు అడ్రసులో కళ్యాణదుర్గం రోడ్డు అని రాస్తారు, చివర అనంతపురం అని రాస్తారు. అంతమాత్రాన వాళ్లు కళ్యాణదుర్గంలో ఉన్నట్టు కాదు. ఉత్తరం అందించే పోస్టుమాన్ చివర ఉన్న ఊరే చూస్తాడు. దొంగ సైట్లు ఆడే ఆట ఇదే. ముందు ఇన్‌కమ్‌ట్యాక్స్ డాట్ గవ్ డాట్ ఇన్ అని పెట్టి, దాని వెనక ఇంకో చుక్క పెట్టి, రీఫండ్ డాట్ ఎక్స్‌వైజెడ్ అని ముగిస్తారు. మన కన్ను మొదటి మాట దగ్గరే ఆగిపోతుంది. మీరు మాత్రం, మొదట్లో హెచ్‌టీటీపీఎస్ పక్కనుండే జంట గీతలు (//) వదిలేసి, ఆ తర్వాత మొదటి ఏటవాలు గీత (/) వచ్చే దాకా ఉన్న భాగం తీసుకుని, దాన్ని వెనక నుంచి చదవండి. ప్రభుత్వానిదైతే గవ్ డాట్ ఇన్‌తోనో, ఎన్ఐసీ డాట్ ఇన్‌తోనో ముగియాలి. బ్యాంకుల కోసం రిజర్వ్ బ్యాంకు ప్రత్యేకంగా బ్యాంక్ డాట్ ఇన్ అనే ముగింపు తెచ్చింది. బ్యాంకులన్నీ తమ సైట్లను 2025 అక్టోబర్ 31 లోపు దానికి మార్చాలని చెప్పింది. మీ బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టే ముందు ఆ ముగింపు ఉందో లేదో చూడండి.

ఫోన్‌లో లింకును నొక్కకుండా, వేలు దానిమీద కాసేపు అలాగే ఉంచితే అసలు అడ్రసు కనపడుతుంది. కంప్యూటర్‌లో మౌస్ దానిమీద ఆనిస్తే అడుగున కనపడుతుంది. పంపినవాళ్ల పేరు ఏదైనా పెట్టుకోవచ్చు కాబట్టి పేరు చూసి నమ్మకండి. పేరు మీద నొక్కి ఎట్ గుర్తు తర్వాత ఏముందో చదవండి. ఇంగ్లీషు ఆర్, ఎన్ పక్కపక్కన పెడితే దూరానికి ఎమ్ లాగే ఉంటుంది, దాన్ని కూడా గమనించండి.

ఇంకా లోతుగా చూడాలనుకుంటే కంప్యూటర్‌లో మూడు చుక్కలు నొక్కి 'షో ఒరిజినల్' తెరవండి. పైన ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు వరసలు (మెయిల్ చెప్పుకున్న చోటు నుంచే వచ్చిందా అని చూసే పరీక్షలు), వాటి పక్కన 'పాస్' లేదా 'ఫెయిల్' ఉంటాయి. బ్యాంకు పేరుతో వచ్చినదానికి 'ఫెయిల్' ఉంటే అనుమానించాల్సిందే. 'పాస్' ఉంటే మాత్రం, ఆ మెయిల్ నిజంగా ఆ అడ్రసు నుంచే వచ్చిందని అర్థం, పంపినవాడు మంచివాడని కాదు. దొంగ తన సొంత అడ్రసు నుంచి పంపినా 'పాస్' వస్తుంది. అందుకే మళ్లీ అడ్రసే చదవాలి.

కాలాన్ని బట్టి వల మారుతుంది. పాన్ కార్డుల వ్యవస్థను కొత్తగా మార్చే పాన్ 2.0 ప్రాజెక్టుకి కేంద్రం 2024 నవంబర్‌లో ఆమోదం తెలిపాక, ఈ-పాన్ ఉచితంగా దించుకోండని దొంగ మెయిళ్లు వచ్చాయి. అవి నకిలీవని కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగం పీఐబీలోని ఫ్యాక్ట్ చెక్ ప్రకటించాల్సి వచ్చింది. రిటర్నులు వేసే రోజుల్లో రీఫండ్ మెయిళ్లు, ఫలితాల రోజుల్లో స్కాలర్‌షిప్ మెయిళ్లు వస్తాయి. ఇలాంటప్పుడు మెయిల్‌లోని లింకుతో పని పెట్టుకోకుండా, సైట్ అడ్రసును మీరే కొట్టి లోపలికెళ్లండి. నిజంగా రీఫండ్ ఉంటే అక్కడ కూడా కనపడుతుంది.

ఇంకో రకం ఉంది, దీని గురించి ఇళ్లలో మాట్లాడుకోరు కాబట్టి రాయక తప్పదు. ఒక రాత్రి షట్టర్ దించే వేళకు ఒక కాలేజీ అబ్బాయి వచ్చాడు. చేతులు వణుకుతున్నాయి. "అన్నా, ఎవురూ లేనప్పుడు మాట్లాడాలన్నా" అన్నాడు. ఫోన్ చూపించాడు. నీ కెమెరాలోంచి నిన్ను వీడియో తీశాను, బిట్‌కాయిన్ పంపకపోతే నీ వాళ్లందరికీ పంపుతానని మెయిల్. నమ్మించడానికి ఆ అబ్బాయి పాత పాస్‌వర్డ్ కూడా అందులో రాశాడు. రెండు రోజులుగా అన్నం తినలేదంట. అలాంటి వీడియో ఏదీ ఉండదు. ఎప్పుడో ఏదో సైట్ నుంచి పొక్కిన జాబితాలో అడ్రసు, పాస్‌వర్డ్ దొరుకుతాయి, అదే ఉత్తరాన్ని అందులో ఉన్నవాళ్లందరికీ పంపుతారు. ఆస్ట్రేలియాకు చెందిన ట్రాయ్ హంట్ 2013లో పెట్టిన 'హ్యావ్ ఐ బీన్ పోన్డ్' అనే సైట్‌లో మీ మెయిల్ అడ్రసు కొడితే, అది ఏ జాబితాల్లో పొక్కిందో చూపిస్తుంది. ఆ అబ్బాయి అడ్రసు అక్కడ కనపడింది. ఆ పాస్‌వర్డ్ వాడుతున్న చోట్లన్నీ మార్చాం, మెయిల్‌ను స్పామ్‌గా రిపోర్ట్ చేశాం. వాడికి జవాబు ఇవ్వలేదు, రూపాయి పంపలేదు. ఆ తర్వాత ఏమీ జరగలేదు. మీ ఇంట్లో పిల్లలు ఉంటే ఈ సంగతి వాళ్లకి ముందే చెప్పండి, మీ దగ్గరికి రావడానికి భయపడకుండా ఉంటారు.

ఇప్పటికే చేజారి ఉంటే

పాస్‌వర్డ్ ఇంకా పనిచేస్తుంటే ఆలస్యం చేయకుండా ఈ వరసలో చేయండి: పాస్‌వర్డ్ మార్చడం, రికవరీ నంబర్ చూడడం, తెలియని డివైసులన్నీ సైన్ అవుట్ చేయడం, పైన చెప్పిన పెరటి తలుపులు మూయడం, రెండంచెల తాళం వేయడం. ఆ తర్వాత మీ పేరుతో ఎవరికైనా మెయిళ్లు పోయి ఉంటే వాళ్లకి ఫోన్ చేసి చెప్పండి.

పాస్‌వర్డ్ పనిచేయకపోతే, మీరు ముందు వాడిన ఫోన్‌లోనే, ఇంటి నెట్‌తోనే, గూగుల్ అకౌంట్ రికవరీ పేజీకి వెళ్లండి. కొత్త ఊళ్లో, కొత్త కంప్యూటర్‌లో ప్రయత్నిస్తే ఒప్పుకోవడం కష్టం. దొంగ రికవరీ నంబర్ మార్చేసినా, మార్చిన 7 రోజుల దాకా పాత నంబర్‌తో ప్రయత్నించే వీలుంటుంది. అందుకే "ఆదివారం చూద్దాంలే" అనుకోకూడదు. గూగుల్ కస్టమర్ కేర్ అని వెతికితే వచ్చే ఫోన్ నంబర్లకు చేయకండి. మామూలు జీమెయిల్ తిరిగి ఇప్పించే ఫోన్ సర్వీసు గూగుల్‌కి లేదు. ఆ నంబర్లు ఎత్తేవాళ్లు రెండోసారి దోచుకోవడానికి కూర్చున్నవాళ్లు.

డబ్బు పోతే ముందు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆ వెంటనే మీ బ్యాంకుకి. ఎంత తొందరగా చెబితే, డబ్బు ఇంకా ఎవరో ఒకరి అకౌంట్‌లో ఉండగానే ఆపించే అవకాశం అంత ఎక్కువ. ధర్మవరం ఆయన విషయంలో పది రోజులు గడిచిపోయాయి. తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు రాయండి. దొంగ మెయిల్ వచ్చింది కదా అని కోపంతో డిలీట్ చేయకండి, పోలీసులకు అదే ఆధారం. ఆ మెయిల్, 'షో ఒరిజినల్' పేజీ, బ్యాంకు లావాదేవీ నంబర్, మూడూ ప్రింటు తీసి, ఫిర్యాదు చేశాక వచ్చే నంబర్‌ను ఆ కాగితాల మీదే రాసి పెట్టుకోండి. స్టేషన్‌కి వెళ్లినప్పుడు ముందు అడిగేది ఆ నంబరే.